అత్తయ్యగారితో మెదక్ కోట మీదికి

సికింద్రాబాద్‌లో మాలాంటి క్రైస్తవ కుటుంబాలకు మెదక్ అంటే చర్చి. ఏటా ఒకసారైనా సంఘం అంతా కలిసి బస్సు మాట్లాడుకుని వెళ్తాం. ఆరాధన, చెట్ల కింద బిర్యానీ, పిల్లలకు పరుగు పందేలు, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. చర్చి మెట్ల మీద నిలబడితే ఊరి అంచున కొండ, కొండ మీద గోడలు కనిపిస్తాయి. అదేమిటని పిల్లలు అడుగుతారు. కోట అని పెద్దలు చెబుతారు. అక్కడితో ఆ సంగతి అయిపోతుంది. చిన్నప్పటినుంచి నేను చాలాసార్లు మెదక్ వెళ్లాను. కోట మాత్రం ఎక్కలేదు. మా సంఘంలో ఎవరిని అడిగినా దాదాపు ఇదే జవాబు. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా భార్య సుగుణ మేముండే పద్మారావు నగర్‌లోనే ఒక బడిలో పాఠాలు చెప్పేది. కోట ఎక్కాలని ఆమెకు ఉండేది. అందుకోసం నీలం రంగు బూట్లు కూడా కొనుక్కుంది. ఆ తర్వాత జబ్బు బయటపడింది. నిరుడు చలికాలం మొదట్లో చనిపోయింది. ఆమెను చూసుకోవడానికి నరసాపురం నుంచి వచ్చిన అత్తయ్యగారు, రత్నమ్మగారు, ఆ తర్వాత కూడా మా ఇంట్లోనే ఉండిపోయారు. ఉండమని నేను అనలేదు. వెళ్తానని ఆవిడా అనలేదు. పొద్దున ఆవిడ పెట్టే కాఫీ, బేగంపేటలో నా ఆఫీసు, సాయంత్రం ఇద్దరం కూర్చుని చేసుకునే ప్రార్థన. ఏడాది అలా గడిచింది.

ఈమధ్య బంధువులు మాట్లాడడం మొదలుపెట్టారు. కూతురున్నప్పుడు సరే, కూతురే లేనప్పుడు అల్లుడింట్లో అత్తగారేమిటి అని. నరసాపురంలో ఉన్న నా బావమరిది దానియేలు ఫోన్ చేసి, ఆదివారం కారులో వచ్చి అమ్మను తీసుకెళ్తానన్నాడు. అత్తయ్యగారు సరే అన్నారు. నేనూ సరే అన్నాను. ఆవిడ వెళ్లడం నాకు ఇష్టం లేదు. కానీ సుగుణ లేనప్పుడు ఆ మాట అనే హక్కు నాకు ఉందో లేదో తెలియలేదు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ గిన్నెలు సర్దుతూ అడిగారు.

"అల్లుడుగారూ, నేను వెళ్లేలోపు ఆ కోట ఎక్కిద్దురూ."

"మీ మోకాళ్లు?"

"మోకాళ్లు నావేనండి. వాటితో నేను మాట్లాడుకుంటాను."

శుక్రవారం బస్సులో బయలుదేరాం.

చర్చి

అలవాటు కొద్దీ ముందు చర్చికే వెళ్లాం. అక్కడి రంగుటద్దాల గురించి చాలామంది రాశారు. నేను చెప్పేది ఒక్కటే. బయటినుంచి చూస్తే ఆ అద్దాలు నల్లగా ఉంటాయి. లోపలికి వెళ్లి, వెలుతురు ఏ వైపునుంచి వస్తోందో చూసుకుని నిలబడాలి. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఈ చర్చి కట్టించారని చెబుతారు. కోటను పూర్వం మెతుకు దుర్గం అనేవారట. ఆ మెతుకే మెదక్ అయిందంటారు. రాజుల పేర్లు, దేవుళ్ల పేర్లు పెట్టుకున్న కోటలు చాలా ఉన్నాయి. అన్నం పేరు పెట్టుకున్న కోటను నేను ఇంకెక్కడా వినలేదు. బస్సులో ఈ సంగతి చెబితే అత్తయ్యగారు, "అయితే అక్కడ భోజనం బాగుండాలి మరి" అన్నారు.

బలిపీఠం దగ్గర గురువుగారు వచ్చినవాళ్లందరికీ ప్రార్థన చేస్తున్నారు. మా ముందు పసిపిల్లతో ఒక జంట ఉంది. మా వంతు వచ్చింది.

"ఏ విషయం గురించి ప్రార్థన చేయమంటారమ్మా?"

"రేపు కోట ఎక్కుతున్నామండి. మోకాళ్ల గురించి చేయండి."

గురువుగారు నావైపు చూశారు. "ఇద్దరికీనా?"

"నావేనండి. ఆయన సంగతి ఆయన చూసుకుంటారు."

గురువుగారు నవ్వలేదు. కళ్లు మూసుకుని కీళ్లు, ఎముకలు, నరాలు అన్నిటినీ పేరుపేరునా దేవునికి అప్పగించారు. ఏడాదిగా మాకోసం ఎవరు ప్రార్థన చేసినా ఆదరణ, ఓదార్పు కోసమే చేశారు. మోకాళ్ల కోసం చేయడం ఇదే మొదలు. ఆమెన్ చెప్పేటప్పుడు నాకు నవ్వొచ్చింది. అత్తయ్యగారు చూసీ చూడనట్టు కొంగు సర్దుకున్నారు.

రొట్టెలు

లాడ్జిలో కౌంటర్ దగ్గర ఉన్నతను మా ఆధార్ కార్డులు తిప్పి చూశాడు.

"మీరిద్దరు ఏమైతరు సార్?"

"మా అత్తగారు."

"మేడం రాలేదా?"

నాకన్నా ముందే అత్తయ్యగారు చెప్పారు. "రాలేదు బాబూ. మేమిద్దరమే."

"మంచిగున్నది సార్. మా అత్త నాతోని బస్టాండ్ దాకా సుత రాదు" అని అతను రెండు గదుల తాళాలు ఇచ్చాడు.

సాయంత్రం రోడ్డు పక్కన ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టె ఇరవై రూపాయలు, కోడికూర వేరే. అత్తయ్యగారు అన్నం ఉందా అని అడిగారు. లేదంది ఆమె.

"చూశారా, అన్నం పేరు పెట్టుకున్న ఊరికొచ్చి రొట్టెలు తినాల్సొచ్చింది" అని నాతో అని, మొదటి ముక్క అనుమానంగా నోట్లో పెట్టుకున్నారు. రెండో రొట్టె ఎవరూ అడగకుండానే వేయించుకున్నారు. గోదావరి జిల్లాల్లో కూర అంటే పులుసో, కొబ్బరో, తియ్యదనమో ఏదో ఒకటి తగలాలి. ఇక్కడ కారం ఒక్కటే. మంచినీళ్లు మూడోసారి తాగాక ఆవిడ లేచి పెనం దగ్గరికి వెళ్లి పిండి అడిగారు. చేతిమీద కొట్టబోతే రొట్టె అంచులు చీలిపోయాయి.

"గట్ల కాదమ్మ" అంది ఆమె. "నీళ్లు జెర వేడిగుండాలె. నువ్వు చన్నీళ్లతోని కలుపుతున్నవ్. ఎవరింటికి వోయి చేస్తవ్ గిట్ల?"

"మా ఇంట్లోనేనమ్మా" అన్నారు అత్తయ్యగారు. ఏ ఇల్లో చెప్పలేదు. నేను నా పళ్లెంలోకి చూసుకున్నాను.

గదికి వచ్చాక చూస్తే నాకిచ్చిన దిండు కుట్టు విడిపోయి దూది బయటికొస్తోంది. ఆవిడ తన సంచిలోంచి సూది దారం తీసి వరండా దీపం కింద కూర్చుని కుట్టేశారు. సూది దారం లేకుండా ఆవిడ ఇల్లు కదలరు. నరసాపురంలో వాళ్ల వీధి వీధంతా ఆవిడ కుట్టిన జాకెట్లే తొడుక్కునేది. మిషను అక్కడే ఉండిపోయింది. మా వీధి దర్జీల పని ఆవిడకు నచ్చదు. ఏడాదిగా తన జాకెట్లు తానే చేత్తో కుట్టుకుంటున్నారు.

మొదటి ద్వారం

పొద్దున్నే కొండ మొదట్లో ఆటో దిగాం. వానలు వెనకపట్టాయి గానీ గోడల సందుల్లో ఇంకా పచ్చదనం ఉంది. నేను బాగా చదువుకునే వెళ్లాను. కాకతీయుల కాలంలో కట్టారని, తర్వాత కుతుబ్ షాహీలు పైన మసీదు కట్టారని, మూడు పెద్ద ద్వారాలున్నాయని తెలుసు. అయినా ఆ గోడ కింద నిలబడి తలెత్తగానే నాకు తెలిసినదంతా చిన్నదైపోయింది. సున్నం జాడ లేకుండా రాయి మీద రాయి. కొన్ని చోట్ల గోడ ఎక్కడ మొదలైందో కొండ ఎక్కడ ఆగిందో చెప్పలేం. తొందరగా పైకి వెళ్లాలని కాళ్లు లాగుతున్నాయి. ఇలాంటి తొందర నాలో చాలా కాలంగా లేదు.

వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్యగారు మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుతున్నారు. సంచిలోంచి నీలం బూట్లు తీశారు.

ఆ బూట్లు నాకు తెలుసు. మా అలమరలో అడుగు అరలో, కొన్నప్పటి డబ్బాలోనే ఉంటాయి. సుగుణ వస్తువులు నేను ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఆ అర తలుపు తీసి కూడా చాలా రోజులైంది.

"నా కొలతేనండి" అన్నారు ఆవిడ నావైపు చూడకుండా, లేసులు కట్టుకుంటూ. "ఎక్కడానికని కొంది కదా. ఎక్కనివ్వండి."

ఆవిడ లేచి చీర కుచ్చిళ్లు మడమల పైకి చెక్కుకుని నాలుగు అడుగులు వేసి చూసుకున్నారు. జరీ అంచు చీర, కింద పిల్లలు వేసుకునేలాంటి బూట్లు. సెల్ఫీలు తీసుకుంటున్న కాలేజీ అమ్మాయిలు ఇద్దరు చూసి, "సూపర్ ఆంటీ" అన్నారు. ఆవిడ "ఆయ్, థాంక్సండి" అన్నారు.

పక్షి, సింహాలు, ఏనుగులు

ద్వారం మీద రెండు తలల పక్షి చెక్కి ఉంది. గండభేరుండం. బలానికి గుర్తు అని నేను చెప్పబోతుంటే ఆవిడ చేయి అడ్డం పెట్టుకుని కాసేపు చూశారు.

"తలలు రెండు, పొట్ట ఒకటే. వంట తేలిక."

ఆ తర్వాత నేను ఆగలేదు. దారి తిన్నగా వెళ్లదు. ప్రతి ద్వారానికి ముందు మలుపు తిరుగుతుంది. తలుపులు పగలగొట్టడానికి ఏనుగును తోలుకొస్తే దానికి పరుగు తీసే చోటు దొరకకూడదని అలా కట్టేవారు. ఈ మాట పుస్తకంలో చదివినప్పుడు ఊరికే తల ఊపాను. ఇక్కడ మలుపులో నిలబడి, నేనే ఏనుగునైతే ఎటు తిరగాలా అని చూసుకుంటే దారి దొరకలేదు. తలుపుల ఇరుసులు తిరిగిన గుంటలు గడప రాళ్లలో ఇంకా ఉన్నాయి. తలుపులు పోయి ఎన్ని తరాలైందో, గుంటల లోపల రాయి మాత్రం నున్నగా ఉంది. అందులో వేలు పెట్టి చూశాను. అత్తయ్యగారిని కూడా పెట్టమన్నాను. సింహాలున్న ద్వారం దగ్గర నేను రాళ్ల మీదినుంచి దూకుతూ ముందుకు వెళ్లిపోతుంటే వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, కోటను ఎవరూ పట్టుకుపోరండి. నెమ్మదిగా."

ఏనుగుల ద్వారం ఇంకా పైన ఉందనగా ఆవిడ ఆగిపోయారు. కుడి బూటు అడుగు ముందువైపునుంచి ఊడి వేలాడుతోంది. రాతి మీద కూర్చుని బూటు విప్పి చూశారు. సూది తీసి కుట్టబోయారు. రబ్బరులో సూది విరిగింది. రెండో సూది కూడా విరిగింది.

"దిగిపోదామా?" అన్నాను.

ఊడిన అడుగును వేళ్లతో నొక్కి పట్టుకుని కూర్చున్నారు. "ఒక్కసారి కూడా తొడుక్కోలేదే. ఎలా పోయింది" అన్నారు.

పైనుంచి సీతాఫలాల గంపతో ఒకామె దిగుతోంది. కొండమీద కోసుకుని బస్టాండ్ దగ్గర అమ్ముకుంటుందట. పేరు బాలమణి. గంప దించి బూటు చేతిలోకి తీసుకుంది.

"గమ్ము ఎండిపోయిందమ్మ. ఏడాది పక్కకు పెడితే గంతే. మా మనుమని బూట్లు సుత గిట్లనే అయినయ్." నెత్తి మీద గంప కింద పెట్టుకునే చుట్టబట్ట విప్పి, దానిలోంచి ఒక పీలిక చించింది. బూటును పాదంతో సహా కలిపి రెండు చుట్లు తిప్పి ముడేసింది. "లే, నడువు. ఏనుగులెక్కిన కోట, నువ్వెక్కవా?"

"ఏనుగులకు మోకాళ్ల నొప్పులుండవమ్మా."

"నీకేం తెలుసు, అడిగినవా?" అంది బాలమణి. ఇద్దరూ నవ్వారు. అప్పుడు నావైపు చూసి అడిగింది. "ఈన ఎవరు, కొడుకా?"

"అల్లుడు."

"బిడ్డ రాలేదా?"

లాడ్జిలో అడిగిన ప్రశ్నే. ఈసారి అత్తయ్యగారు ముడి మీద చేయి వేసి చెప్పారు. "లేదమ్మా. పోయింది. ఈ బూట్లు దానివే."

బాలమణి గంపలో వెతికి రెండు మాగిన కాయలు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. డబ్బివ్వబోతే వద్దంది. అత్తయ్యగారు ఊరుకోలేదు. ఇంకో అరడజను కావాలని బేరం మొదలుపెట్టారు. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఇవే కాయలు దాదాపు రెండింతల ధర. అయినా పది రూపాయలు తగ్గించమన్నారు. బాలమణి తగ్గించలేదు. "కొండెక్కి కోసిన, బిడ్డా" అంది. అడిగినంతే ఇచ్చాం.

పైన

ఏనుగుల ద్వారం దాటాక గాలి మారింది. పైన మసీదు, పాత ధాన్యపు కొట్లు, ఒక పెద్ద ఇనుప ఫిరంగి. ఎండకు వేడెక్కిన ఫిరంగి మీద చేయి వేసి తీసేశాను. ధాన్యపు కొట్టు లోపల చల్లగా ఉంది. ముట్టడిలో తలుపులు ఎంత గట్టివైనా గెలిపించేది ఈ కొట్లేనని అక్కడ నిలబడితే అర్థమవుతుంది. కోటకు అన్నం పేరు ఎందుకు పెట్టారో ఇక నన్నెవరూ ఒప్పించనక్కరలేదు. ఆ మాట గట్టిగా అన్నాను. గోడలు తిరిగి పలికాయి. అత్తయ్యగారు కూడా లోపలికొచ్చి "అన్నం" అని ఒకసారి పిలిచి చూశారు.

గోడ అంచుకు వెళ్లాం. కింద ఊరి ఇళ్లు, చెరువులు, పండుతున్న వరి. వాటన్నిటి మధ్య చర్చి గోపురం, తెల్లగా, ఒంటరిగా. ఇన్నేళ్లూ అక్కడినుంచి ఇక్కడికి చూశాను. ఇక్కడినుంచి అక్కడికి చూడడం ఇదే మొదటిసారి. మెట్లు కనిపిస్తున్నాయి గానీ మనుషులు కనిపించడం లేదు.

అత్తయ్యగారు చర్చివైపు చేయి ఊపారు.

"ఎవరికండి?"

"శనివారం కదా, ఏదో ఊరి సంఘం వచ్చే ఉంటుంది. ఆ కొండేంటని పిల్లలెవరో అడుగుతూ ఉంటారు."

నేను కూడా ఊపాను. అప్పుడు, ఇంకేమీ ఆలోచించకముందే, నోట్లోంచి మాట వచ్చేసింది.

"అత్తయ్యగారూ, మీరు వెళ్లొద్దు. మన ఇంట్లోనే ఉండండి."

ఆవిడ సీతాఫలం విప్పి సగం నాకిచ్చారు. గింజలు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్ముకుంటూ కాయ అంతా తిన్నారు.

"ఇక్కడ అడక్కండి" అన్నారు చివరికి. "ఇంత ఎత్తు ఎక్కాక మనిషి ఏదైనా అనేస్తాడు. కిందికి దిగి, అన్నం తిన్నాక, అప్పటికీ అడగాలనిపిస్తే అడగండి."

కింద

మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టమని మీలో ఆ నొప్పులున్నవాళ్లకు చెప్పక్కరలేదు. సగం దారిలో ఎడమ బూటు అడుగు కూడా ఊడింది. దాన్ని నా చేతిరుమాలుతో కట్టాం. ఆ తర్వాత ఆవిడ ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగాల్సొచ్చింది. మా ఇళ్లలో అత్తగారు అల్లుణ్ని తాకడం ఉండదు. ఏడాది ఒకే ఇంట్లో ఉన్నా, సమాధుల తోటలో ఆ రోజు కూడా, ఆవిడ నన్ను తాకలేదు.

"చెయ్యి వేస్తానండి, ఏమీ అనుకోకండి" అని నా భుజం పట్టుకున్నారు. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది. మొదటి ద్వారం దాటేవరకు తీయలేదు.

మెట్టు మీద కూర్చుని ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే నేను బూట్లు తీసుకుని చూశాను. రెండు అడుగులూ పోయాయి.

"పారేద్దామా?" అన్నాను. అన్నది నేనేనని ఆ తర్వాత తెలిసింది.

"అయ్యో, పైభాగం గట్టిగానే ఉందండి. మోండా మార్కెట్ దగ్గర ఇస్తే కొత్త అడుగులు వేసేస్తారు. సోమవారం వెళ్లి..." అని ఆగిపోయారు. ఆదివారం దానియేలు వస్తున్నాడు. ఆవిడ బూట్లు తీసుకుని సంచిలో పెట్టి జిప్పు వేశారు.

బస్టాండ్ దగ్గర మెస్సులో అన్నం దొరికింది. పప్పు, బీరకాయ కూర, చారు, వేడివేడిగా. అత్తయ్యగారు ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు. పైన చెప్పినంత తేలిగ్గా కింద చెప్పలేమని అప్పుడు అర్థమైంది. పక్క బల్లవాళ్లు పెరుగు కోసం అరుస్తున్నారు. ఫ్యాను టకటకమంటోంది. ఆవిడ చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. నావైపు చూడలేదు, లేవనూ లేదు.

"అన్నం తిన్నాం" అన్నాను. "ఇప్పుడూ అదే అడుగుతున్నాను."

"ఎందుకని?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "మిగతావాళ్ల దగ్గర సుగుణ గురించి మాట్లాడాలి, లేకపోతే మాట్లాడకుండా ఉండాలి. మీ దగ్గర ఆ రెండూ అక్కరలేదు. మీకు వెళ్లాలనుంటే ఆపను. ఉండాలనుంటే మాత్రం, జనం కోసం వెళ్లకండి."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. ఒక్కో వేలూ తుడుచుకున్నారు. తర్వాత ఫోన్ తీసి కొడుకుకు చేశారు.

"ఒరేయ్ దానీ, అన్నం తిన్నావా? ఆ, ఎక్కాం. పైదాకా ఎక్కాం. మోకాళ్లు బాగానే ఉన్నాయి, గురువుగారు ప్రార్థన చేశారు. విను. రేపు నువ్వు రా. కారులోనే రా. కాదురా, నన్ను తీసుకెళ్లడానికి కాదు. వచ్చేటప్పుడు మిషను వేసుకురా. ఏ మిషనేంట్రా, కుట్టు మిషను. స్టాండుతో సహా. వెనక సీటు మడిస్తే పడుతుంది." అవతల దానియేలు చాలాసేపు ఏదో చెప్పాడు. ఆవిడ అంతా విన్నారు. "జనం ఏమనుకుంటారా? పద్మారావు నగర్‌లో ఇప్పటికైనా జాకెట్లు సరిగ్గా కుట్టే మనిషి వచ్చిందనుకుంటారు. పెట్టేస్తున్నాను, బస్సు వచ్చింది."

బస్సు ఇంకా రాలేదు.